వరస లెక్క

గోడకు బిగించిన ఇనుప కుర్చీలు నాలుగు, కూర్చోవలసిన మనుషులు ముగ్గురు, ఎన్ని విధాలుగా కూర్చోవచ్చు అంటే మొదటి మనిషికి నాలుగు కుర్చీలూ ఖాళీయే, రెండో మనిషికి మూడు, మూడో మనిషికి రెండు, నాలుగు మూళ్లు పన్నెండు, పన్నెండు రెళ్లు ఇరవైనాలుగు అని, ఆపరేషన్ థియేటర్ తలుపు పడీ పడకముందే అనంత్ బుర్ర లెక్క కట్టేసింది. లోపలికి తీసుకుపోయింది అతని భార్య శశికళను. కడుపులో కవలలు. ఒక బిడ్డ తల కిందికి పెట్టి బుద్ధిగా ఉంది, రెండో బిడ్డ అడ్డం తిరిగి పడుకుంది, నెలలు పూర్తిగా నిండనేలేదు, ఇంక ఆగడానికి లేదు ఆపరేషనే అని డాక్టరమ్మ తేల్చేసింది. రాబర్ట్‌సన్‌పేటలో పీయూ కాలేజీలో ఇంటర్ ఈడు పిల్లలకు లెక్కలు చెప్పే అనంత్‌కు భయం వేస్తే దేవుడి పేరు నోటికి రాదు, లెక్క వస్తుంది. పంటి డాక్టరు దగ్గరా ఇంతే, పెళ్లిపీటల మీదా ఇంతే. ఆ సంగతి శశికళకు బాగా తెలుసు. అందుకే స్ట్రెచర్ మీద పోతూ పోతూ తల ఇటు తిప్పి, "మేష్ట్రూ, నేనొచ్చేదాకా ఏదో ఒక లెక్క చేస్తా ఉండు, ఊరికే నిలబడి బెదురుకోవద్దు" అని చెప్పి మరీ పోయింది. ఆ మాట చివర చిన్న నవ్వు ఉంది. ఆ నవ్వు మళ్లీ వినాలి, లోపలున్న ముగ్గురూ బతికి బట్టకట్టి బయటికి రావాలి, ఈ పూటకు అతనికి ఇంకేమీ అక్కర్లేదు.

ఇంక ఆ ఇరవైనాలుగు సంగతి. పుస్తకంలో కుర్చీల ముందు నిలబడేవాళ్లకు పేర్లుండవు, ఏ, బి, సి అంటే సరిపోతుంది. ఇక్కడ ఏ అంటే అనంత్, బి అంటే అతని తల్లి జలజ, సి అంటే అత్తగారు చిన్నవెంకటమ్మ. గౌనిపల్లిలో మామిడితోపూ రాగిచేనూ రెండు పాడి ఆవులూ చూసుకునే మనిషి, అల్లుడితో సమానంగా ఒక బల్ల మీద కూర్చోవడం ఆమె పుట్టి బుద్ధెరిగి చేయని పని. పక్కపక్కన పడకపోతే చాలు కదా అని అతను మనసులోనే లెక్క సవరించాడు. అత్తా అల్లుడూ పక్కపక్కన వచ్చేవన్నీ తీసేస్తే పన్నెండు మిగిలాయి, పన్నెండు మాత్రం తక్కువా? కానీ ఆమె గోడ వారగా నిలబడే ఉంది. తను లేస్తే కూర్చుంటుందేమోనని అతను లేచాడు. అల్లుడు నిలబడి ఉండగా అత్త కూర్చోవడం అంతకన్నా పెద్ద తప్పట. పన్నెండు కాస్తా సున్నా అయింది.

"వదినా, అల్లుణ్ణి కూర్చోమను. కాళ్లు నొస్తాయి" అంది ఆమె జలజతో, అల్లుడు చేతికందే దూరంలోనే ఉన్నా. పెళ్లయిన నాటినుంచీ అంతే, ఒక్క మాటయినా నేరుగా అనలేదు. రోడ్డు మీద లారీ మీదికొస్తున్నా "వదినా, అల్లుణ్ణి పక్కకు జరగమను" అనే రకం.

"మీరు కూర్చోండి వదినా, వాడూ కూర్చుంటాడు" అంది జలజ. ఇద్దరూ కూర్చోలేదు. నడిమి కుర్చీలొకదాంట్లో మాత్రం చిన్నవెంకటమ్మ తెచ్చిన సంచి దర్జాగా కూర్చుంది.

ఆ సంచిలో బాదామి మామిడి పళ్లు. కూతుర్ని పురిటికి పుట్టింటికి తీసుకుపోదామని ఆమె మొదటి బస్సుకే వచ్చింది, వచ్చీ రాగానే శశికళ ఒక పండు తీసుకుని గుమ్మంలో కూర్చుని తింటూ తింటూ "అమ్మా" అంది. ఆ అమ్మా అన్న పిలుపుతోనే చిన్నవెంకటమ్మ లేచి నిలబడిందట, ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆటో, గుంతల రోడ్డు, పెద్ద మార్కెట్ దగ్గర అడ్డం వచ్చిన టమాటా బండి, ఆసుపత్రి మెట్లు, నర్సు. శశికళ పండు టెంక ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది, దాన్ని ఎక్కడ పారేయాలో తెలియక అతనికిచ్చింది, అతను దాన్ని కాయితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇప్పుడు జేబు తడిగా, తియ్యగా వాసన వస్తోంది. కిటికీలోంచి చూస్తే పాత గనులవాళ్లు బంగారం తీశాక పారబోసిన మట్టి, తెల్లటి సైనైడ్ దిబ్బ, రాత్రి కురిసిన వానకు దాని మీద చారలు పడ్డాయి. ఊళ్లోవాళ్లు ఎవరూ దాన్ని చూడరు, ఎప్పుడూ అక్కడే ఉంటుంది కాబట్టి. అతను ఇవాళ చూశాడు. చారలు లెక్కపెట్టబోయి, లెక్కపెట్టడం వేరు, ఎన్ని విధాలని అడగడం వేరు, అని తన పిల్లలకు చెప్పే మాటే తనకు చెప్పుకుని మానుకున్నాడు.

"ఎవరు పెద్దో అదీ తెలియాల గదా" అని జలజ ఉన్నట్టుండి అంది. "డాక్టరమ్మ ముందు ఎవర్ని తీస్తుందో వాళ్లే పెద్ద. దాంట్లో పేచీ యాడుంది?"

"అట్లెట్లా వదినా" అని చిన్నవెంకటమ్మ గోడ వదిలి ఒక అడుగు ముందుకు వచ్చింది. "అవళి పిల్లల్లో, అదే కవలల్లో, వెనకొచ్చిందే పెద్దది. మా తట్టు అంతా అంతే. గోతంలో ముందేసిన కాయ అడుగున ఉంటాది. గోతం విప్పితే పైకాయ ముందొస్తాది. అడుగుకాయ కడాకు గదా వచ్చేది. ముందు పోయింది ఏది? అడుగుదే."

"బిడ్డలు కాయలా వదినా!"

"మరేం రాళ్లా?"

ఇద్దరూ నవ్వుకోలేదు, నవ్వుకునేంత దగ్గరగానే ఉన్నారు. అనంత్‌కు మాత్రం గోతం మాట తెగ నచ్చింది. తల్లి మాటా తప్పు కాదు, లోకం ముఖం ముందు చూసినవాళ్లు పెద్ద. అత్త మాటా తప్పు కాదు, చీకటిలో ముందు చోటు పట్టినవాళ్లు పెద్ద. కడుపులోకి పోయే వరస ఒకటి, బయటికొచ్చే వరస ఒకటి. అయితే లోపలున్నది ఎవరు? ఇద్దరూ మగా, ఇద్దరూ ఆడా, ఒక మగా ఒక ఆడా? మూడు. కాదు కాదు, మూడు కాదు, ఇక్కడే కదా ఏటేటా క్లాసుకు క్లాసంతా బోర్లా పడేది. ఇద్దరు పిల్లలున్న ఇల్లు ఎన్ని రకాలుగా ఉండవచ్చురా అంటే మూడు సార్ అని గోల గోలగా చెప్తారు, ఇద్దరూ మగపిల్లలు, ఇద్దరూ ఆడపిల్లలు, చెరొకరు. చెట్టు కొమ్మల బొమ్మ గీసి, నాణేలు ఎగరేసి, మగ-ఆడ వేరు, ఆడ-మగ వేరు అని గొంతు పోగొట్టుకుని చెప్పినా, అదెట్లా సార్, ఒక బ్రదర్ ఒక సిస్టర్, రెండూ ఒకటే కదా అంటారు. ఒకటే కదా. బ్రదర్, సిస్టర్. ఆ మాటల్లో పెద్దా చిన్నా ఎక్కడుంది, పిల్లలను అని ఏం లాభం.

అనంత్ నిలబడినవాడు నిలబడినట్టే ఆగిపోయాడు. అన్నాచెల్లెలు. అక్కాతమ్ముడు. తెలుగులో అడిగి ఉంటే మూడు అని ఏ పిల్లాడు చెప్తాడు? అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్లు, అన్నాచెల్లెలు, అక్కాతమ్ముడు, నాలుగు, వేలు మడిచి లెక్కపెట్టుకోవచ్చు, నోరు తెరిస్తే చాలు లెక్క దానంతటదే తేలిపోతుంది! తమిళం పిల్లలకు అణ్ణన్, తంగచ్చి, అక్కా, తంబి. కన్నడం పిల్లలకు అణ్ణ, తంగి, అక్క, తమ్మ. తన క్లాసులో కూర్చునే పిల్లలంతా ఇళ్లల్లో పొద్దస్తమానం వరస పెట్టి పిలుచుకునేవాళ్లే, కాలేజీ గేటు దాటి ఇంగ్లీషులోకి రాగానే వరస పోగొట్టుకుంటున్నారు. ఇన్నేళ్లు నల్లబల్ల మీద కొమ్మలు గీస్తూ కూర్చున్నాడు తను! ఒంటరిగా ఉండి ఉంటే గంతు వేసేవాడే. మనలో తోబుట్టువును పెద్దా చిన్నా తేల్చకుండా పిలవనే పిలవలేం, పిలుపులోనే ఒక క్రమం ఉంది. ఈ మాట వెంటనే శశికళకు చెప్పాలి అనిపించి తలుపు వైపు రెండడుగులు వేశాడు, తలుపు మీద ఎర్ర బల్బు వెలుగుతోంది, ఆగిపోయాడు. చెప్తే ఏమంటుంది? కళ్లు చికిలించి, అబ్బా, అక్కను అక్కా అంటారని ఇప్పుడు కనిపెట్టినావా, అంటుంది.

అట్లాగే అంటుంది. మొదటిసారి రైల్లో అన్నట్టే. కేజీఎఫ్ నుంచి బెంగళూరుకు పొద్దున రైలంటే ముగ్గురు కూర్చునే బల్ల మీద నలుగురు కూర్చుని ఐదోవాళ్లకు కూడా కొంచెం జరగండి అనే రైలు. అతను ఎమ్మెస్సీ చదవడానికి పోయేవాడు, ఆమె బంగారుపేటలో ఎక్కేది, వైట్‌ఫీల్డులో ఒక కంపెనీ ఆఫీసులో ఉద్యోగం. ఒక రోజు కిటికీ పక్క చోటు కోసం ఇద్దరూ ఒకేసారి వచ్చారు. లెక్కల వాడు కదా, మాట కలపడానికి అంతకన్నా మంచిది దొరక్క, "ఇద్దరం ఈ రెండు సీట్లలో ఎన్ని విధాలుగా కూర్చోవచ్చో తెలుసా అండీ?" అన్నాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, అప్పుడు జవాబిచ్చింది. "ఒకటే విధం. ఇదో, ఇట్ల." ఆ తరువాత అతను ఆ కిటికీ పక్క ఒక్కనాడూ కూర్చోలేదు, రైలు బోగీలో అంత ఆనందంగా నడుమ ఇరుక్కుని ప్రయాణం చేసిన మనిషి ఇంకొకడు ఉండడు. మాలూరు, వైట్‌ఫీల్డు, ఆమె దిగిపోవడం, ఆమె లేచిన చోటు వెచ్చగా ఉండడం, అక్కడికి కూడా జరగకపోవడం. వేరే కులం, వేరే ఇల్లు, గుమాస్తాల ఇంటి పిల్లాడు, సేద్యం ఇంటి పిల్ల. ఇంట్లో ఎట్లా చెప్పాలా అని ఇద్దరూ బెంగపెట్టుకున్న రోజులు కూడా ఇప్పుడు తలుచుకుంటే తియ్యగానే ఉన్నాయి.

గౌనిపల్లికి మొదటిసారి పోయిన రోజు, అప్పటికే అతను కాలేజీలో పాఠాలు చెప్తున్నాడు. తోపులో భోజనాలు, పరిచిన ఆకులు, శశికళ తండ్రి బచ్చప్ప పక్కన అతన్ని కూర్చోమన్నారు. తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకుని బచ్చప్ప ఎగాదిగా చూసి, "అదంతా సరేప్పా, నీకూ మాకూ వరస ఏం?" అన్నాడు. చుట్టరికం ఏమవుతుంది, ఏమని పిలవాలి అని ఆయన అడిగింది. అనంత్‌కు వరస అంటే ఒకటే తెలుసు, క్లాసులో పొద్దుటినుంచి సాయంత్రం దాకా చెప్పే వరస, ఎవరి తరువాత ఎవరు. ఆకులు వేసిన వరసనే అడుగుతున్నాడు కాబోలనుకుని, "మీరు ముందు కూర్చోండి, మీ తరువాత నేను" అన్నాడు, మర్యాదగా, చేతులు కట్టుకుని. బచ్చప్ప కాసేపు అతని ముఖం చూశాడు, మీసం కదిలింది, కడుపు కదిలింది, తరువాత ఆయన నవ్విన నవ్వుకు ఆకు మీదికి నీళ్లగ్లాసు దొర్లిపోయింది. "నా తరువాత నువ్వేనా? అట్లయితే ఇంగ వరస అడిగేదేముంది, అల్లుడే!" అన్నాడు. ఆ పొరపాటే పెళ్లి కుదిర్చింది. తప్పు జవాబుకు నూటికి నూరు మార్కులు వచ్చింది అతని జీవితంలో ఆ ఒక్కసారే.

భోజనమయ్యాక ఆరు రకాల మామిడి ముందు పెట్టి మూడు ఏరుకోమన్నాడు. బాదామి, రసపురి, సేందూర, మల్గోవా, తోతాపురి, నీలం. బుట్టలో వేసుకుని పోవడానికైతే ఇరవై విధాలు అని అతను ఇక్కడా లెక్క కట్టాడు. ఏవి ముందు వేశావన్నది బుట్టకు పట్టదు. తీరా అక్కడే తినాలన్నారు. ఎరక్కపోయి మల్గోవా ముందు తిని తోతాపురి తరువాత కొరికాడు, పళ్లు జివ్వుమన్నాయి, శశికళ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తినేటప్పుడు ప్రతి మూడింటికీ ఆరు వరసలు, ఇరవై ఆర్లు నూట ఇరవై. బుట్టలో వరస లేదు, నోట్లో వరస ఉంది. ఆ ఏడు ఆ మాటతోనే పాఠం మొదలుపెట్టాడు, పిల్లలు బల్లలు చరిచారు, వెనక బెంచీలో కూర్చునే మోహన్‌కుమార్ అనేవాడు కూడా ఆ ఒక్క అధ్యాయంలో గట్టెక్కాడు.

ఫోను మోగింది. బచ్చప్పే. శ్రీనివాసపురం మండీకి కాయ తోలుకుని పోయినవాడు సంగతి తెలిసి వెనక్కి బయలుదేరాడు, వెనక లారీల హారన్లు, ఎవరో ఎవరినో తిడుతున్న అరుపులు. "అల్లుడా, మా పాప శశి యాడుండాది ఇప్పుడు? లోపలికి తీసుకపోయినారా? ఇక్కడ మండీకాడ లారీ అడ్డంగా నిలబెట్టినారప్పా, ముందుకూ పోదు, వెనక్కూ రాదు. ఆడ కడుపులో బిడ్డా అడ్డమే, ఈడ లారీ అడ్డమే, నేనేం జేసేది?" అని గొంతు పెద్దది చేశాడు. "నడిచి వచ్చేస్తానప్పా" అన్నాడు. అంత దూరం నడిచి ఎక్కడొస్తావు మామా అని నవ్వించబోయాడు అనంత్.

తలుపు తెరుచుకుంది. బిడ్డలు కాదు, నర్సు, పరుగులాంటి నడకతో. "చైల్డ్ డాక్టర్ యాడ? సీక్రం రమ్మను" అని వరండా చివర ఉన్న ఆయాను తొందరపెట్టింది. ఏమయింది సిస్టర్ అని అనంత్ అడిగితే, "సుమ్మా ఇరుంగ సార్, ఊరికే ఉండండి, రెండో బేబీ కొంచెం కష్టంగా ఉండాది, అంతే, టెన్షన్ వద్దు" అని ఆగకుండానే వెళ్లిపోయింది. టెన్షన్ వద్దన్నప్పుడు పుట్టే టెన్షన్ ఇంకే మాటకూ పుట్టదు. ఒక చిన్న వయసు డాక్టరు మెడలో గొట్టం సరిచేసుకుంటూ వచ్చి లోపలికి పోయాడు. తలుపు మళ్లీ పడింది. అనంత్ అందిన కుర్చీలో కూలబడ్డాడు. అతని పక్క కుర్చీలోని మామిడి సంచి ఎవరో తీసి నేల మీద పెట్టారు, ఆ చోట ఎవరో కూర్చున్నారు, గరుకుగా, పాల వాసన, పేడ వాసన కలిసిన చెయ్యి ఒకటి అతని ముంజేతిని పట్టుకుంది. తల తిప్పి చూస్తే చిన్నవెంకటమ్మ. "ఏమీ కాదప్పా" అంది. నేరుగా అతనితోనే అంది. "నా బిడ్డ గట్టిది. నాకు తెలుసు గదా." అటుపక్క జలజ వచ్చి కూర్చుని రెండో చెయ్యి పట్టుకుంది. ముగ్గురూ వరసగా కూర్చున్నారు, ఎవరి పక్కన ఎవరన్నది ఎవరికీ పట్టలేదు.

లెక్క, ఏదైనా ఒక లెక్క, శశికళ చెయ్యమంది కదా. ఒక్కటీ రావడం లేదు. వచ్చింది నాన్న. సుబ్బరాయ, పోయి కొన్నేళ్లయింది, చాంపియన్ రీఫ్స్ గని టైమాఫీసులో గుమాస్తా. గనిలోకి దిగే ప్రతి మనిషీ ఒక ఇత్తడి బిళ్ల తీసుకునేవాడు, పైకి రాగానే ఆ బిళ్ల తెచ్చి ఆఫీసు బోర్డు మీది మేకుకు తగిలించేవాడు. షిఫ్టు విడిచే సైరన్ అయ్యాక నాన్న చేసే పని ఆ బోర్డు చూడటం. గని లిఫ్టు బోనులో, దాన్ని కేజీ అనేవాళ్లు, గుంపులు గుంపులుగా మనుషులు పైకొచ్చేవాళ్లు, చీకట్లోంచి ఎండలోకి, కళ్లు చికిలిస్తూ, తోసుకుంటూ, తమిళంలో తెలుగులో ఒకర్నొకరు ఎకసెక్కాలాడుకుంటూ. కొందరు ముందు, కొందరు వెనక. మేస్త్రీ ముందొచ్చాడా కూలీ ముందొచ్చాడా నాన్నకు అనవసరం. అన్ని మేకులకూ బిళ్లలుండాలి. ఒక్క మేకు బోసిగా ఉన్నా ఆయన కుర్చీలోంచి లేచేవాడు కాదు, అమ్మ అన్నం చల్లారిపోతున్నా సరే. "వరస ఎవడికి కావాల్రా, దిగినోళ్లంతా పైకొచ్చినారా, అంతే లెక్క" అనేవాడు. వరసతో పని లేని ఎంపికల అధ్యాయం అంతా ఆ ఒక్క మాటలో ఉంది, ఎందుకో ఇన్నాళ్లూ తోచనేలేదు. లోపల ముగ్గురు. శశికళ, ఒక బిడ్డ, ఇంకో బిడ్డ. ముగ్గురు బయటికి రావడానికి ఆరు వరసలు. ఆరింటిలో ఏదైనా సరే, అతనికి ఏ పేచీ లేదు, ముగ్గురూ పైకొస్తే చాలు, అని అనంత్ ఎవరితో బేరమాడుతున్నాడో తెలియకుండానే బేరమాడాడు.

ఏడుపు. సన్నగా, కోపంగా, పిల్లికూన గొంతులాంటిది. చిన్నవెంకటమ్మ చెయ్యి బిగిసింది, జలజ "రామా" అంది. ఒకటి. ఒకటి తరువాత ఏమిటి? చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి, ఒకటి తరువాత రెండు, కానీ ఆ ఒకటికీ రెండుకూ నడుమ ఎంత చోటుందో అనంత్‌కు ఇవాళే తెలిసింది. అందులో సైనైడ్ దిబ్బలన్నీ పడతాయి, శ్రీనివాసపురం లారీలన్నీ పడతాయి, బంగారుపేట నుంచి వైట్‌ఫీల్డు దాకా రైలు పట్టాలన్నీ పడతాయి. గుణించడానికి ఏమీ లేదు, భాగించడానికి ఏమీ లేదు. మొదటి బిడ్డ ఏడుస్తూనే ఉంది, పిలుస్తున్నట్టు, వస్తావా రావా అని గోల చేస్తున్నట్టు. ఏడువు తల్లీ, గట్టిగా ఏడువు, వినిపించనీ. రెండో ఏడుపు. ముందు దగ్గులా మొదలై, మూలుగై, తరువాత ఒక్కసారిగా ఆసుపత్రి పైకప్పు ఎగిరిపోయేటట్టు. అడ్డంగా పడుకున్న మనిషి గొంతు అంత నిలువుగా ఉంటుందని ఎవరనుకున్నారు! అత్తగారు అల్లుడి భుజం మీద చరిచింది, తప్పెట మీద చరిచినట్టు, చెడామడా. జలజ ఏడుస్తోంది. అనంత్ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అతనికే తెలియలేదు, రెండూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి.

కాసేపటికి నర్సు రెండు మూటలు రెండు చేతుల్లో పట్టుకుని వచ్చింది. పాత చీర గుడ్డల్లో చుట్టిన రెండు ఎర్రటి ముఖాలు, ఒకటి పచ్చగుడ్డలో, ఒకటి నీలిగుడ్డలో. "ఇద్దరూ పాపలే సార్. ఇద్దరూ బాగుండారు, అమ్మ కూడా ఫస్ట్‌క్లాస్" అంది. నాలుగింటిలో ఒక మాట తేలింది, అక్కాచెల్లెళ్లు. ఒకరి ముక్కు శశికళది, ఇంకొకరి ముక్కూ శశికళదే. అనంత్ రెండు చేతులూ చాచి, ఏ చేతికి ఎవర్ని తీసుకోవాలో తెలియక, చాచిన చేతులు చాచినట్టే ఉంచేశాడు. అమ్మలిద్దరూ అప్పుడే మొదలుపెట్టారు.

"సిస్టరమ్మా, ముందొచ్చింది ఎవరు?" అంది జలజ.

"పచ్చగుడ్డ."

"అట్లయితే పచ్చగుడ్డే అక్క."

"నీలిగుడ్డ అక్క" అంది చిన్నవెంకటమ్మ. "కడాకు వచ్చింది అదే. అడుగునున్నది అదే. చూడు వదినా, ముఖంలోనే పెద్దరికం ఉండాది."

"ఇంత బిడ్డ ముఖంలో పెద్దరికం యాడ కనబడిందమ్మా నీకు!"

"నీ కండ్లకు కనబడకుంటే నేనేం జేసేది?"

అనంత్‌ను అడిగారు. అతను ఇద్దరమ్మల మధ్య పీట వేసుకుని తగువు తీర్చేంత మొనగాడు కాదు, ఒకవైపు కన్నతల్లి, ఇంకోవైపు ఇప్పుడిప్పుడే తనతో నేరుగా మాట్లాడడం మొదలుపెట్టిన అత్త. బిడ్డల వేళ్లు చూస్తూ కూర్చున్నాడు. ఇంతలో స్ట్రెచర్ చప్పుడు. శశికళ. ముఖం తెల్లగా పాలిపోయింది, పెదవులు ఎండిపోయాయి, జుట్టు పచ్చ టోపీలోంచి బయటికొచ్చి నుదుటికి అతుక్కుంది. నడుము కిందంతా మొద్దుబారి ఉంది గానీ కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. అతను వంగి ఆమె నుదుటి మీది జుట్టు తీశాడు. ఆమె అతని జేబు వంక చూసింది, కళ్ల వంక చూసింది.

"బాగా ఏడ్చినట్టుండావే మేష్ట్రూ" అంది. గొంతు సన్నగా, తడారిపోయి ఉంది, అయినా చివర నవ్వు ఉంది. అనంత్‌కు ప్రాణం లేచి వచ్చింది.

"శశీ, నువ్వే చెప్పు" అని జలజ పచ్చగుడ్డను ఆమె కుడి చెంపకు ఆనించింది. "చెప్పవే" అని చిన్నవెంకటమ్మ నీలిగుడ్డను ఎడమ చెంపకు ఆనించింది. సంగతి ఇదీ అని ఇద్దరూ ఒకేసారి చెప్పారు, కాయలూ గోతాలూ అన్నీ. శశికళ కళ్లు మూసుకుంది. అలసటకు నిద్రపోయిందనుకుని అనంత్ వాళ్లను ఊరుకోమని సైగ చేయబోయాడు. ఆమె నిద్రపోలేదు.

"మా అత్త లెక్కకు ఇది అక్క" అంది కుడివైపు ముఖం తిప్పి పచ్చగుడ్డను ముద్దు పెట్టుకుని. "మా అమ్మ లెక్కకు అది అక్క" అంది ఎడమవైపు తిప్పి నీలిగుడ్డను ముద్దు పెట్టుకుని. "ఇద్దరూ అక్కలే. ఇంగ ఈ ఇంట్లో చెల్లెలు యాడుండాది, చూపించండి?"